ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో ఎఫ్‌టీ8: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, దేన్ని దేనితో ఎలా కలపాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విండోస్ 11 ల్యాప్‌టాప్, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ3 డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రేడియో రిసీవర్), మేడ మీద 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) డైపోల్ తీగ యాంటెనా ఉన్నాయి. ప్రస్తుతానికి ఎఫ్‌టీ8 (అమెచ్యూర్ రేడియోలో కంప్యూటర్ల సాయంతో చిన్న సందేశాలు పంపుకునే డిజిటల్ పద్ధతి) వింటే చాలు. లైసెన్స్ చేతికొచ్చాక ట్రాన్సీవర్ (వినడం, ప్రసారం రెండూ చేసే రేడియో) కొని ప్రసారం కూడా చేయాలి. ఎస్‌డీఆర్ షార్ప్, హెచ్‌డీఎస్‌డీఆర్, ఎస్‌డీఆర్ కన్సోల్, ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్ అనే రిసీవర్ ప్రోగ్రాములు నాలుగూ వేసి చూశారు. వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లని గీతలుగా చూపే తెర) గీతలు కనిపిస్తున్నాయి గానీ ఎఫ్‌టీ8 డీకోడర్ అయిన డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో ఒక్క కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) కూడా డీకోడ్ కావడం లేదు. ఏది ఉంచుకోవాలి?

ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్ ఉంచుకోండి. దానికి తోడు డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, వీబీ-కేబుల్ (ఒక ప్రోగ్రామ్ ఆడియోని ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే వర్చువల్ కేబుల్) చాలు. మిగతావి తీసేసినా నష్టం లేదు. అయితే డీకోడ్ రాకపోవడానికి కారణం రిసీవర్ ప్రోగ్రామ్ కాకపోవచ్చు. నాలుగూ ఒకే డ్రైవర్ మీద, ఒకే విండోస్ సౌండ్ సెట్టింగుల మీద, ఒకే గడియారం మీద నడుస్తున్నాయి. వీటిలో ఏది తప్పినా నాలుగింటిలోనూ ఒకేలా దెబ్బతింటుంది. ప్రోగ్రాములు మార్చేకొద్దీ సెట్టింగులు ఇంకా చిక్కుపడతాయి, అంతే.

సిగ్నల్ నడిచే దారి ఇలా ఉంటుంది: యాంటెనా, డాంగిల్, యూఎస్‌బీ డ్రైవర్, రిసీవర్ ప్రోగ్రామ్, వర్చువల్ ఆడియో కేబుల్, డీకోడర్. ప్రతి అతుకు దగ్గరా చూడాల్సింది ఒకటి రెండు విషయాలే. ఒకటి సరిగ్గా ఉందని తేలాకే తర్వాతిదానికి వెళ్లండి. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో కూడా తెలియదు.

ముందు ఎంపిక సంగతి. ఎస్‌డీఆర్ షార్ప్ మంచిదే, ప్లగిన్లు బోలెడు, కానీ విండోస్ దాటి పోదు. రేపు రాస్ప్‌బెరీ పై మీదికో లినక్స్‌కో మారితే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. హెచ్‌డీఎస్‌డీఆర్ పాతబడిన తేలికపాటి ప్రోగ్రామ్. బలం లేని పాత ల్యాప్‌టాప్‌కి ఇప్పటికీ అదే దిక్కు. కాకపోతే ప్రతి హార్డ్‌వేర్‌కీ సరిపడే ఎక్స్‌ట్ఐఓ డీఎల్ఎల్ ఫైలు వెతికి అదే ఫోల్డర్‌లో పెట్టాలి. ఎస్‌డీఆర్ కన్సోల్‌కి కాస్త బలమైన ప్రాసెసర్, గ్రాఫిక్స్ కావాలి. ఒకే బ్యాండ్‌లో ఒకేసారి పలు రిసీవర్లు తెరవాలన్నా, ఉపగ్రహాలు వినాలన్నా దానికి సాటి లేదు, దాని గురించి కింద మళ్లీ చెబుతాను. ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్ ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మాక్ మూడింటి మీదా ఒకే ముఖంతో నడుస్తుంది, ఫ్రీక్వెన్సీ కంట్రోల్ సర్వర్ దానిలోనే ఉంది. ఎఫ్‌టీ8కి కావాల్సిన రెండు పనులు, ఆడియో ఒక కేబుల్‌లోకి పంపడం, బయటి ప్రోగ్రామ్ చెప్పిన ఫ్రీక్వెన్సీకి వెళ్లడం, అదనపు ప్లగిన్ ఏదీ లేకుండా చేస్తుంది. నా ఓటు దానికే.

హార్డ్‌వేర్ వేరైతే జవాబు కూడా వేరే. హెర్మెస్-లైట్ 2 ఉన్నవాళ్లు క్విస్క్ గానీ స్పార్క్‌ఎస్‌డీఆర్ గానీ వాడతారు, ఆనన్ ఉన్నవాళ్లు థెటిస్, ఫ్లెక్స్‌రేడియో ఉన్నవాళ్లు స్మార్ట్‌ఎస్‌డీఆర్, ఎస్‌డీఆర్‌ప్లే ఉన్నవాళ్లు ఆ కంపెనీ ఇచ్చే ఎస్‌డీఆర్‌కనెక్ట్. ముందు రేడియో, తర్వాత దానికి సరిపడే సాఫ్ట్‌వేర్. ఈ వరస తిరగేస్తేనే చిక్కు.

ఇక డ్రైవర్. డాంగిల్‌ని ప్లగ్ చేయగానే విండోస్ దాన్ని టీవీ ట్యూనర్ అనుకుని తనకు తెలిసిన డ్రైవర్ పెట్టేస్తుంది. జాడిగ్ ప్రోగ్రామ్‌తో దాన్ని విన్‌యూఎస్‌బీకి మార్చాలి. జాడిగ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆప్షన్స్ మెనూలో లిస్ట్ ఆల్ డివైసెస్ టిక్ చేయండి. జాబితాలో బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0 అన్నదాన్ని ఎంచుకోండి. అది కనబడకపోతే అదే మెనూలో ఇగ్నోర్ హబ్స్ ఆర్ కాంపోజిట్ పేరెంట్స్ టిక్ తీసి చూడండి. యూఎస్‌బీ ఐడీ 0బీడీఏ, 2838 అని ఉందో లేదో చూసుకోండి. కుడివైపు విన్‌యూఎస్‌బీ ఉండగా రీప్లేస్ డ్రైవర్ నొక్కండి. ఐడీ చూడకుండా తొందరపడితే మౌస్‌కో కీబోర్డ్‌కో డ్రైవర్ మారిపోయి, తర్వాత నొక్కడానికి మౌసే ఉండదు. డాంగిల్‌ని వేరే యూఎస్‌బీ పోర్ట్‌కి మారిస్తే ఒక్కోసారి ఇదంతా మళ్లీ చేయాల్సి వస్తుంది కాబట్టి ఒక పోర్ట్‌ని దానికే వదిలేయండి.

కొన్నది వీ3నా, వీ4నా అన్నది పెట్టె మీద చూసుకోండి, ఎందుకంటే హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) వినే పద్ధతి రెండింటిలో వేరు. వీ4లో లోపలే అప్‌కన్వర్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీని పైకి జరిపే భాగం) ఉంటుంది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వాళ్ల కొత్త డ్రైవర్ ఫైలు ఉంటే 40 మీటర్లలో ఎఫ్‌టీ8 ఉండే 7.074 మెగాహెర్ట్జ్ నేరుగా కొడితే చాలు. పాత డ్రైవర్ ఫైలుతో వీ4ని నడిపితే హిస్సు తప్ప ఏమీ వినబడదు. చాలామంది డాంగిల్ చెడిపోయిందనుకుని తిరిగి పంపేది ఇక్కడే. మీది వీ3 కాబట్టి డైరెక్ట్ శాంప్లింగ్ వాడాలి. ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్‌లో సోర్స్ కింద ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ ఎంచుకుని, డైరెక్ట్ శాంప్లింగ్ దగ్గర క్యూ బ్రాంచ్ పెట్టండి. ఐ బ్రాంచ్ పెడితే దాదాపు ఏమీ రాదు. ఈ పద్ధతిలో ట్యూనర్ చిప్‌ని దాటేసి సిగ్నల్ నేరుగా ఏడీసీకి (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) పోతుంది కాబట్టి గెయిన్ స్లైడర్ ఎంత లాగినా మార్పు ఉండదు. అది లోపం కాదు. రేపు 145 మెగాహెర్ట్జ్ వినాలంటే మాత్రం డైరెక్ట్ శాంప్లింగ్ ఆపడం మరిచిపోకండి.

డైరెక్ట్ శాంప్లింగ్ గురించి ఇంకొంచెం చెప్పాలి. 40 మీటర్ల డైపోల్ ఉన్నవాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే ఉంటుంది. ఈ చిప్ 28.8 మెగాహెర్ట్జ్ గడియారంతో శాంపిల్ చేస్తుంది. అంటే 14.4 మెగాహెర్ట్జ్ పైన ఉన్నదంతా అద్దంలో బొమ్మలా మడతపడి కింద కనిపిస్తుంది: 28.8 లోంచి అసలు ఫ్రీక్వెన్సీ తీసేస్తే వచ్చేది దాని నకలు పడే చోటు. 13 మీటర్ల షార్ట్‌వేవ్ ప్రసార బ్యాండ్ 21.45 నుంచి 21.85 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. లెక్క వేసి చూడండి, అది 7.35 నుంచి 6.95 మధ్య వచ్చి పడుతుంది, అంటే సరిగ్గా మనం వినాలనుకునే 40 మీటర్ల మీద. పైగా 40 మీటర్ల డైపోల్ దాని మూడో హార్మోనిక్ దగ్గర, అంటే 21 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా చక్కగా రెజొనేట్ అవుతుంది, కాబట్టి ఆ నకిలీ స్టేషన్లని యాంటెనాయే పట్టి తెచ్చి ఇస్తుంది. పగటిపూట 7.0 నుంచి 7.2 మధ్య గట్టి ఏఎం ప్రసారం వినిపిస్తే ముందు ఈ నకలునే అనుమానించండి. 7.2 పైన వినిపించే ప్రసార కేంద్రాలు మాత్రం అసలువే కావచ్చు, ఆ భాగం మన ప్రాంతంలో ప్రసారాలకు కేటాయించినదే.

రెండో శత్రువు మీడియం వేవ్. హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ లాంటి ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్లు నడిచే ఊళ్లలో పొడవైన తీగ యాంటెనా మీద వాటి బలం చాలా ఎక్కువ. ఈ డాంగిల్ ఏడీసీ ఎనిమిది బిట్లది. సిద్ధాంతరీత్యా దాని డైనమిక్ రేంజ్ (ఒకేసారి పట్టగల బలమైన, బలహీన సిగ్నళ్ల మధ్య తేడా) దాదాపు 50 డీబీ. ఒక్క గట్టి మీడియం వేవ్ సిగ్నల్ ఆ మొత్తాన్నీ తినేస్తే, సన్నటి ఎఫ్‌టీ8 సంకేతాలు కింద నలిగిపోతాయి. లక్షణం ఏమిటంటే, బ్యాండ్ అంతటా ఒకే పాట లేదా ఒకే వార్తలు రకరకాల చోట్ల వినబడతాయి, యాంటెనా పీకేస్తే మాయమవుతాయి.

ఈ రెండింటికీ మందు ఒకటే: డాంగిల్‌కీ యాంటెనాకీ మధ్య 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్. మీడియం వేవ్ కింద ఆగిపోతుంది, 21 మెగాహెర్ట్జ్ పైన ఆగిపోతుంది. మీడియం వేవ్ ఆపే హైపాస్ ఫిల్టర్ ఒక్కటే కొంటే సగం పనే అవుతుంది, నకలు అలాగే ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెతికే సమయం ఈ ఫిల్టర్ మీద పెడితే తేడా కళ్లకు కనిపిస్తుంది.

శాంపిల్ రేటు 2.4 మెగాశాంపిళ్లు పెట్టండి. 3.2 దాకా పోతుంది గానీ ఆ వేగంలో శాంపిళ్లు జారిపోతాయి, ఎఫ్‌టీ8 డీకోడర్‌కి అది విషం. మరి తక్కువ రేటు పెడితే ఇంకా భద్రం కదా అంటారేమో. కాదు. 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పులో తీసుకున్నదాన్ని చివరికి రెండున్నర కిలోహెర్ట్జ్‌కి కుదిస్తే దాదాపు 30 డీబీ లాభం వస్తుంది, ఎనిమిది బిట్ల ఏడీసీకి ఊపిరి పోసేది అదే. ప్రాసెసర్ మీద భారం ఎక్కువైతే రేటు తగ్గించకుండా సోర్స్ కింద ఉన్న డెసిమేషన్‌ని (తీసుకున్న శాంపిళ్లని తర్వాత తగ్గించే సెట్టింగ్) 4కో 8కో మార్చండి. వాటర్‌ఫాల్ విషయానికొస్తే, ఎఫ్‌ఎఫ్‌టీ సైజు (తెరని ఎన్ని గడులుగా విడగొట్టాలన్న సెట్టింగ్) 65536 పెడితే ఒక్కో గడి 37 హెర్ట్జ్ దాకా ఉంటుంది, ఎఫ్‌టీ8 సంకేతాలు విడివిడిగా కనిపించడం మొదలవుతుంది. 8192 దగ్గర గడి 293 హెర్ట్జ్, అంతా కలిసిపోయి ఒకే పట్టీలా ఉంటుంది. ఇది కంటికి మాత్రమే, డీకోడింగ్‌కి సంబంధం లేదు.

ఇప్పుడు రేడియో ప్యానెల్. మోడ్ యూఎస్‌బీ పెట్టండి. ఇక్కడ యూఎస్‌బీ అంటే కంప్యూటర్ పోర్ట్ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్. 40 మీటర్లలో మాట ఎల్ఎస్‌బీలో నడుస్తుంది కాబట్టి అలవాటు కొద్దీ ఎల్ఎస్‌బీ పెట్టేవాళ్లు చాలామంది. ఎఫ్‌టీ8 ఏ బ్యాండ్‌లోనైనా అప్పర్ సైడ్‌బ్యాండే. ఎల్ఎస్‌బీలో వాటర్‌ఫాల్ గీతలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, డీకోడ్ సున్నా. మీరు చెప్పిన లక్షణానికి ఇది మొదటి అనుమానితుడు. ఫ్రీక్వెన్సీ 7.074.000. రాత్రి 20 మీటర్ల బ్యాండ్ ఎఫ్‌టీ8 ఫ్రీక్వెన్సీ 14.074 మీద ఏమీ లేకపోతే అది బ్యాండ్ మూసుకుపోవడం, సెట్టింగ్ తప్పు కాదు. బ్యాండ్‌విడ్త్ మామూలుగా 2800 హెర్ట్జ్ ఉంటుంది, దాన్ని 3200 దాకా పెంచండి, లేకపోతే పైభాగంలో ఉన్నవాళ్లు తెగిపోతారు. స్క్వెల్చ్, నాయిస్ బ్లాంకర్, నాయిస్ రిడక్షన్ అన్నీ ఆపేయండి. చెవికి హాయిగా ఉండేవేవీ డీకోడర్‌కి సాయపడవు. అది రొద లోపల వెతకడానికే పుట్టింది, రొద తుడిచేస్తే సంకేతం కూడా పోతుంది.

ఆడియో అతుకు దగ్గర పేర్లే తికమక పెడతాయి. వీబీ-కేబుల్ వేశాక విండోస్‌లో కేబుల్ ఇన్‌పుట్ అన్నది స్పీకర్ల జాబితాలో, కేబుల్ అవుట్‌పుట్ అన్నది మైకుల జాబితాలో కనిపిస్తాయి. ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్‌లో సింక్స్ కింద కేబుల్ ఇన్‌పుట్ ఎంచుకోండి. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సెట్టింగ్స్‌లో ఆడియో ట్యాబ్ కింద ఇన్‌పుట్‌గా కేబుల్ అవుట్‌పుట్. రెండు చివరలా శాంపిల్ రేటు 48000 ఉండాలి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, కేబుల్ రెండు ముఖాలకీ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద 48000 హెర్ట్జ్ ఉందో లేదో చూడండి. ఒక చివర 44100, ఇంకో చివర 48000 ఉంటే విండోస్ మధ్యలో మార్పిడి చేస్తుంది. అప్పుడప్పుడు చిటచిటలు వచ్చి, 15 సెకన్ల స్లాట్లలో కొన్ని డీకోడ్ అవుతాయి, కొన్ని కావు. ఇలా అరకొరగా పనిచేసేదే అసలు తలనొప్పి.

విండోస్ 11లో మరో మెలిక ఉంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద మైక్రోఫోన్ అనుమతి డెస్క్‌టాప్ యాప్‌లకు ఆపేసి ఉంటే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌కి నిశ్శబ్దమే అందుతుంది. కేబుల్ అవుట్‌పుట్‌ని విండోస్ మైకుగానే చూస్తుంది మరి. ఎర్రర్ ఏదీ రాదు, ఎడమవైపు లెవెల్ మీటర్ సున్నా దగ్గర కూర్చుంటుంది. మీటర్ కదులుతుంటే ఈ అతుకు సరిగ్గా ఉన్నట్టే. సిగ్నల్ ఏమీ లేనప్పుడు అది 30 డీబీ దగ్గర ఉండేలా ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్ వాల్యూమ్ తిప్పండి. ఎర్రగా మారితే తగ్గించండి. వీబీ-కేబుల్‌ని విండోస్ డిఫాల్ట్ సౌండ్ పరికరంగా ఎప్పుడూ పెట్టకండి. పెడితే వాట్సాప్ టింగు, యూట్యూబ్ ప్రకటన అన్నీ డీకోడర్‌లోకి పోతాయి. ప్రసారం మొదలుపెట్టాక ఇదే తప్పు ట్రాన్సీవర్ సౌండ్ కార్డ్ విషయంలో జరిగితే ఆ టింగు గాలిలోకే వెళ్తుంది.

గడియారం. ఎఫ్‌టీ8లో ప్రతి స్లాట్ 15 సెకన్లు, అందులో సంకేతం 12.64 సెకన్లు. మీ కంప్యూటర్ గడియారం ఒక సెకనుకు మించి తప్పితే డీకోడ్‌లు పల్చబడతాయి, రెండు సెకన్లు దాటితే దాదాపు ఆగిపోతాయి. విండోస్ తనంతట తాను సమయం సరిచూసుకునేది అరుదుగానే, దాన్ని నమ్ముకోవద్దు. ఇంటర్నెట్ నుంచి సమయం సరిచూసే మైన్‌బర్గ్ ఎన్‌టీపీ వేసి, సర్వర్‌గా మన దేశపు ఎన్‌టీపీ పూల్ గానీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వారి సర్వర్ గానీ ఇవ్వండి. టైమ్ జోన్ తప్పుగా ఉండి, గడియారాన్ని చేత్తో మన సమయానికి పెట్టుకుంటే ఒక వింత ఉంది: మన ఐదున్నర గంటల తేడా 15 సెకన్లకు నిశ్శేషంగా భాగింపబడుతుంది కాబట్టి డీకోడ్ మామూలుగానే వస్తుంది, లాగ్‌లో మాత్రం సమయాలన్నీ తప్పు పడతాయి. తర్వాత క్యూఎస్ఎల్ (సంభాషణ జరిగినట్టు ధ్రువీకరణ) సరిపోల్చేటప్పుడు బయటపడుతుంది.

డీకోడ్ వరసలో డీటీ అనే నిలువు గడి చూడండి. అందరికీ ప్లస్ 0.4, ప్లస్ 0.5 అలా ఒకే తీరుగా ఉంటే తప్పు మీ వైపే, కానీ అది గడియారం తప్పు కాకపోవచ్చు. డాంగిల్ బఫర్, ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్, వర్చువల్ కేబుల్ మూడూ కలిసి సిగ్నల్‌ని కొన్ని వందల మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి. ఎన్‌టీపీ గడియారం సరిగ్గా ఉందని చెబుతుంటే దాన్ని ముట్టుకోకండి. డీటీ సున్నాకి తేవడానికి గడియారాన్ని వెనక్కి నెడితే, రేపు ట్రాన్సీవర్‌తో ప్రసారం చేసినప్పుడు మీ సంకేతం అంత ఆలస్యంగా బయలుదేరుతుంది. వినేటప్పుడు సగం సెకను తేడాని డీకోడర్ తానే సర్దుకుంటుంది.

ఫ్రీక్వెన్సీ కంట్రోల్ తప్పనిసరి కాదు, కానీ ఉంటే బ్యాండ్ మార్చినప్పుడు లాగ్‌లో, ఎవరు ఎవరిని విన్నారో చూపే పీఎస్‌కే రిపోర్టర్ మ్యాప్‌లో తప్పు బ్యాండ్ నమోదు కాదు. ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్‌లో మాడ్యూల్ మేనేజర్ తెరిచి రిగ్‌సీటీఎల్ సర్వర్ మాడ్యూల్‌ని చేర్చండి, పోర్ట్ 4532 ఉంచి స్టార్ట్ నొక్కండి. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో రేడియో ట్యాబ్ కింద రిగ్‌గా హ్యామ్‌లిబ్ నెట్ రిగ్‌సీటీఎల్, నెట్‌వర్క్ సర్వర్ దగ్గర 127.0.0.1:4532, పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే స్విచ్) పద్ధతి వాక్స్, మోడ్ నన్, స్ప్లిట్ నన్. టెస్ట్ క్యాట్ నొక్కితే ఆకుపచ్చ రావాలి. మోడ్‌ని డేటా/ప్యాకెట్ అని పెడితే ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్‌లో అలాంటి మోడే లేదు కాబట్టి ఎర్రర్ వస్తుంది. ఎస్‌డీఆర్ ప్లస్‌ప్లస్ ముందు తెరవాలి, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ తర్వాత.

జనరల్ ట్యాబ్‌లో గ్రిడ్ లొకేటర్ (మీరున్న చోటు చెప్పే అక్షరాలు, అంకెల కోడ్) అడుగుతుంది. హైదరాబాద్, వరంగల్ ఎంకే97, తిరుపతి ఎంకే93, విజయవాడ ఎన్‌కే06, విశాఖపట్నం ఎన్‌కే17. తూర్పు రేఖాంశం 80 డిగ్రీల దగ్గర ఎం అక్షరం పోయి ఎన్ మొదలవుతుంది, ఆ గీత మన నేల మీదుగానే పోతుంది. విజయవాడ వాళ్లు అలవాటులో ఎంకే06 అని కొడితే మ్యాప్‌లో అరేబియా సముద్రం మధ్యలో తేలతారు.

ఇంత చేసీ డీకోడ్ రాకపోతే ఇంట్లో రొద చూడండి. వాటర్‌ఫాల్‌లో సమాన దూరాల్లో నిలువు గీతలు, అవి మెల్లగా పక్కకు జరుగుతుంటే అవి స్విచింగ్ పవర్ సప్లైవి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. తేడా వస్తే దొంగ దొరికినట్టే. తర్వాత ఇన్వర్టర్, ఎల్ఈడీ బల్బులు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ ఒక్కొక్కటే ఆపి చూడండి. డాంగిల్‌ని ల్యాప్‌టాప్‌కే గుచ్చేయకుండా, ఫెరైట్ ఉన్న రెండు మీటర్ల లోపు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ మీద దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్ట్ కంటే యూఎస్‌బీ 2 పోర్ట్ నయం, దాని రొద తక్కువ. పీపీఎం కరెక్షన్ (ఫ్రీక్వెన్సీ తప్పుని పదిలక్షల్లో వంతులుగా సరిదిద్దడం) గురించి హెచ్‌ఎఫ్‌లో బెంగ పెట్టుకోవక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పీపీఎం అంటే 7 హెర్ట్జ్. 437.8 మెగాహెర్ట్జ్ మీద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రిపీటర్ వినేటప్పుడు అదే 438 హెర్ట్జ్ అవుతుంది, అక్కడ కూడా డాప్లర్ దీనికంటే చాలా పెద్దది.

ఎస్‌డీఆర్ కన్సోల్‌ని మళ్లీ వేయాల్సిన సందర్భం ఒకటుంది: క్యూఓ-100. తూర్పు 25.9 డిగ్రీల దగ్గర నిలబడిన ఈ భూస్థిర ఉపగ్రహం మన ఊళ్ల నుంచి బాగానే కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి డిష్‌ని ఉత్తరం నుంచి 257 డిగ్రీల వైపు, అంటే పడమరకు కాస్త దక్షిణంగా, 28 డిగ్రీల ఎత్తుకి తిప్పాలి. నారోబ్యాండ్ డౌన్‌లింక్ 10489.5 నుంచి 10490 మెగాహెర్ట్జ్. మామూలు డీటీహెచ్ ఎల్ఎన్‌బీలో (డిష్ ముందుండే రిసీవర్ ముక్క) లోకల్ ఆసిలేటర్ 9750 కాబట్టి డాంగిల్ దగ్గరకు 739.5 నుంచి 740 మధ్య వస్తుంది. అంటే ఇదే వీ3 సరిపోతుంది, డైరెక్ట్ శాంప్లింగ్ ఆపి, ఏజీసీ (ఆటోమేటిక్ గెయిన్) ఆపి, గెయిన్ చేత్తో పెట్టుకోవాలి. గెయిన్‌ని కొంచెం కొంచెంగా పెంచుతూ, సిగ్నల్‌తో పాటు రొద కూడా అంతే పెరగడం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి రండి. డాంగిల్ బయాస్ టీ (యాంటెనా వైరులోంచే కరెంటు ఇచ్చే సౌకర్యం) ఇచ్చేది దాదాపు 4.5 వోల్టులే, ఎల్ఎన్‌బీకి చాలదు. 12 వోల్టుల బయట ఇన్‌జెక్టర్ కావాలి, దాని డీసీ డాంగిల్ వైపు రాకుండా చూసుకోవాలి. ఎండకి ఎల్ఎన్‌బీ వేడెక్కితే ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లలో జరిగిపోతుంది. ఎస్‌డీఆర్ కన్సోల్‌లో ఉపగ్రహం మధ్య బీకన్‌ని (నిరంతరం వచ్చే గుర్తు సిగ్నల్) పట్టుకుని జరుగుడు సరిదిద్దే సౌకర్యం ఉంది, దాన్ని మళ్లీ వేయమన్నది అందుకే.

ప్రసారం సంగతి. డాంగిల్ రిసీవర్ మాత్రమే. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్స్, కాల్‌సైన్ చేతికొచ్చాకే ట్రాన్సీవర్‌ని ముట్టుకోండి. మీ గ్రేడుకి ఏ బ్యాండ్లు, ఎంత పవర్ అన్నది అందులోనే ఉంటుంది. ఐకామ్ ఐసీ-7300 కొంటే ఒకే యూఎస్‌బీ వైరులో ఆడియో, కంట్రోల్ రెండూ వస్తాయి, వీబీ-కేబుల్ అవసరం పోతుంది. వైరు పెట్టకముందే సిలికాన్ ల్యాబ్స్ డ్రైవర్ వేయండి. రేడియో మెనూలో కనెక్టర్స్ కింద డేటా మాడ్‌ని యూఎస్‌బీ చేయండి, అది చేయకపోతే పీటీటీ పడుతుంది గానీ పవర్ సున్నా. అదే మెనూలో యూఎస్‌బీ సెండ్ ఆఫ్ ఉంచండి. అక్కడ ఆర్‌టీఎస్ లేదా డీటీఆర్ ఉంటే ఏదో ప్రోగ్రామ్ కామ్ పోర్ట్ తెరవగానే రేడియో దానంతట అదే ప్రసారంలోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో రిగ్ ఐసీ-7300, పీటీటీ క్యాట్, మోడ్ డేటా/ప్యాకెట్, స్ప్లిట్ ఫేక్ ఇట్. కామ్ పోర్ట్ వేగం రేడియోలోని సీఐ-వీ యూఎస్‌బీ వేగంతో సరిపోవాలి. స్ప్లిట్ ఎందుకంటే, అది ప్రసారమయ్యే ఆడియోని ఎప్పుడూ 1500, 2000 హెర్ట్జ్ మధ్యనే ఉంచి డయల్‌ని జరుపుతుంది. దానివల్ల ఆడియో హార్మోనిక్స్ ఫిల్టర్ బయటకు పోయి గాలిలోకి రావు.

పవర్ స్లైడర్‌ని ఏఎల్సీ మీటర్ (ఆడియో మితిమీరితే కదిలేది) కదలని చోట ఆపండి, స్పీచ్ కంప్రెసర్ ఆపేయండి. ఎఫ్‌టీ8లో స్లాట్ పొడుగునా పూర్తి పవర్ పోతుంది కాబట్టి 100 వాట్ల రేడియోని 25 నుంచి 30 వాట్ల దగ్గర నడపడం మంచిది. ప్రసారం మొదలవగానే యూఎస్‌బీ తెగిపోతుంటే ఆర్ఎఫ్ వైరు మీదకు వస్తోందన్నమాట. యూఎస్‌బీ వైరుని 31 మిక్స్ ఫెరైట్ రింగులో ఐదారు చుట్లు చుట్టండి, డైపోల్ ఫీడ్ పాయింట్ దగ్గర చోక్ పెట్టండి.

హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) రూపొందించిన రేడియోలు కూడా చూడదగ్గవి. యూబిట్ఎక్స్ అనేది సాధారణ ట్రాన్సీవర్. కంప్యూటర్‌కి అది యేసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-817 రేడియోలా కనిపిస్తుంది, వేగం 38400. ఆడియోకి విడిగా సౌండ్ కార్డ్ కావాలి. ఎస్‌బిట్ఎక్స్ అయితే రాస్ప్‌బెరీ పై మీద నడిచే పూర్తి ఎస్‌డీఆర్ ట్రాన్సీవర్, ఎఫ్‌టీ8 దాని సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. పైన రాసిన అతుకుల్లో సగం దానిలో ఉండవు. అయినా గడియారం మాత్రం దానికీ కావాలి, రాస్ప్‌బెరీ పైకి ఇంటర్నెట్ అందని చోట ఆర్‌టీసీ (బ్యాటరీతో నడిచే గడియారం చిప్) గానీ జీపీఎస్ గానీ చూసుకోండి.

ట్రాన్సీవర్ వచ్చాక డాంగిల్‌ని అదే డైపోల్‌కి టీ కనెక్టర్‌తో ఎప్పుడూ కలపకండి, దాని ఇన్‌పుట్ చిప్ మొదటి ప్రసారంలోనే పోతుంది. పీటీటీతో పనిచేసే రిలే పెట్టి, ప్రసార సమయంలో డాంగిల్ ఇన్‌పుట్‌ని గ్రౌండ్ చేయాలి. పక్కనే వేరే తీగ యాంటెనా మీద వింటున్నా, 30 వాట్ల ప్రసారానికి కొన్ని మీటర్ల దూరంలో ఉంటే దాని ముందు లిమిటర్ తప్పదు.